ఒకే బర్రె, రెండు రిపోర్టులు

మా గౌలిపుర భజన మండలిలో అందరికీ ఆమె పెద్దమ్మే. బర్రెల కొట్టం ఆమెది. కొత్తగా పాలు కొనేవాడొస్తే, ఒకే బర్రె పాలను రెండు క్యాన్లలో పోసి వేరువేరు బర్రెల పేర్లతో పంపేది. ఒకటి చిక్కన, ఒకటి పల్చన అన్నాడో, వాడితో బేరం బంద్.

నాకు షుగర్. ఒకసారి మా మండలికొచ్చిన ఒకాయన, వెంట్రుక పరీక్షతో ఒంట్లోని రోగాలన్నీ చెప్తానన్నాడు. నాకు షుగర్ లేనే లేదని రిపోర్టిచ్చాడు. భగవంతుడే పంపాడనుకుని గోలీలు మానేశాను.

వారం తిరగకముందే పెద్దమ్మ రెండు రిపోర్టులతో వచ్చింది.

"నా పేరు మీద ఒక వెంట్రుక, కోడలి పేరు మీద ఒకటి ఇచ్చిన. నాకు మోకాళ్ల నొప్పులంట. కోడలు చాయ్ తగ్గించాలంట."

"నిజమే గద పెద్దమ్మా?"

"ఏం నిజం? రెండూ మా నల్ల బర్రె తోక వెంట్రుకలే!"

నాకు నవ్వు రాలేదు. "దేవుని మీద నమ్మకంతోని..." అని గొణిగాను.

"దేవుడు గూడ వెంట్రుకలు తీస్కుంటడు బిడ్డా, గాని రిపోర్టియ్యడు. నడువు!"

డాక్టరు చెప్పిన ల్యాబుకే తీసుకెళ్లింది. అక్కడా ఊరుకోలేదు. కళ్లెదుటే కొత్త సూది విప్పించి, సీసా మీద నా పేరు రాయించాకే రక్తం తీయనిచ్చింది. షుగర్ బాగా పెరిగిందని తేలింది. డాక్టరు తిట్టి, గోలీలు మళ్లీ మొదలుపెట్టించాడు.

ఆనాటి నుంచి భజన అయ్యాక లడ్డూ ప్రసాదం పంచుతూ, నా చేతిలో మాత్రం ఒక్క పలుకు రాల్చేది.

"గింతేనా పెద్దమ్మా?"

"దేవునికి గింత సాలు బిడ్డా. ఎక్కువడిగేది నీ నాలిక!"