తిరుపాలు హిందూపురం చదువు

పెనుకొండ దాటి, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ బస్సులు పోయే రోడ్డు మీద నుంచి పక్కకు తిరిగితే వచ్చే పల్లెలో, తిరుపాలు బండి చప్పుడు వినగానే పశువులన్నీ తల తిప్పి చూస్తాయని చెప్పుకుంటారు. ప్రేమతో చూస్తాయనుకుంటే పొరపాటే. వస్తున్నది సూది అని వాటికి తెలుసు. మనుషులకు మాత్రం తిరుపాలంటే ప్రాణం. మీసం నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన ఆ చుట్టుపక్కల గోపాలమిత్ర. ఎదకొచ్చిన ఆవుకు సూది వేయాలన్నా, గొర్రెలకు టీకా పొడవాలన్నా, దూడకు పారుడు పట్టుకున్నా ముందు ఆయనకే కబురు.

ఆయనది మంచి హస్తవాసి అని ఊరందరి నమ్మకం. మందు డాక్టరు రాసిందే, సీసా ప్రభుత్వం ఇచ్చిందే. అయినా తిరుపాలు పొడిస్తేనే ఆవు మేత ముట్టుతుందని, ఇంకెవరు పొడిచినా ఆ మందు నీళ్లతో సమానమని అనేవాళ్లు. ఆయన ఎప్పుడూ కాదనలేదు. కాదనడానికి ఆయనేమైనా సన్యాసా? అలాంటి మాట విన్న రోజు మీసం దువ్వుకుని, బండిని అవసరానికి మించి చప్పుడు చేయిస్తూ ఇంటికి పోయేవాడు. పెళ్లిళ్లలో మొదటి పంక్తిలో ఆయనకు ఆకు వేసేవాళ్లు. ఆవు ఈనిన ప్రతి ఇంటి నుంచీ జున్ను పాలు వచ్చేవి.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఆ ఊరి రైతు సేవా కేంద్రానికి పశువుల సహాయకురాలిగా పావని వచ్చింది. ధర్మవరం పిల్ల. పశువుల పాలిటెక్నిక్‌లో చదివింది. మనిషి సన్నగా, మాట మెత్తగా ఉంటుంది. వాళ్లింట్లో మగ్గాలున్నాయని తెలిసిన మరుక్షణమే ఊరు ఒక నిర్ణయానికి వచ్చేసింది. పట్టుచీరలు నేసే ఇంటి పిల్లకు ఆవు గురించి ఏం తెలుస్తుందని!

అట్లాగని తరిమేయలేరు. మందులు ఆమె దగ్గరే ఉంటాయి. అందుకని ఊరివాళ్లు తమకు తోచిన ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. పావని సీసాలో నుంచి మందు సిరంజిలోకి లాగి పెట్టాలి. తిరుపాలు వచ్చి పొడవాలి. ఆవును పట్టుకున్నవాళ్లు కొట్టంలో నుంచే కేకేసేవాళ్లు: "పాపా, నువ్వు లాగి పెట్టు సాలు. ఆయప్ప వస్తాండాడు." ఆ పిల్ల నిండిన సిరంజిని పట్టుకుని ఎండలో నిలబడి ఎదురుచూసేది. తిరుపాలు బండి దిగి, పెళ్లికొడుకులా నడిచి వచ్చి, దాన్ని అందుకుని పొడిచేవాడు. అందులో తప్పేమైనా ఉందని ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు ఆయనకు చాలా బాగుండేది.

ఒకరోజు పావని వచ్చి, "అన్నా, హిందూపురం పశువుల ఆసుపత్రిలో శిక్షణ పెడ్తాండారు. కొత్త టీకాలు, అడ్డం తిరిగిన దూడల్ని తీసేది, అన్నీ మన చేతనే చేపిస్తారంట. మీ పేరు ఇచ్చినా," అంది.

"ఈ వయసులో నాకేమిటికి పాపా సదువు? నాకు రానిదేముండాది?" అని నవ్వేశాడు తిరుపాలు.

ఆయనకు రానిది ఒకటుంది. అది ఆయనకే తెలుసు. దూడ సరిగా రాక ఆవు అవస్థ పడుతుంటే లోపలికి చేయి పెట్టి సరిచేయడం ఆయనకు చేతకాదు. అలాంటప్పుడు ఆవు వీపు నిమురుతూ, పెనుకొండ డాక్టరుకు ఫోను చేసి, ఆయన వచ్చేదాకా ఊరివాళ్లకు ధైర్యం చెప్పేవాడు. డాక్టరు సమయానికి వస్తే దూడ బతికేది. రాకపోతే చచ్చిపోయేది. బతికితే తిరుపాలు హస్తవాసి, చస్తే ఆవు రాత. అలా పోయిన దూడల్ని ఊరు మరిచిపోయింది గానీ ఆయన మరిచిపోలేదు. అందుకే పైకి వద్దన్నా, పేరు కొట్టేయమని మాత్రం అనలేదు.

ఊరంతా అడ్డం పడింది. అందరికన్నా ఎక్కువగా సిద్దమ్మ. ఆమెకు ఉన్నది ఒక్క జెర్సీ ఆవు. కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు, ఆమె లోకమంతా ఆ ఆవే. దాని పేరు గౌరి. కోడలి కంటే గౌరే మాట వింటుందని కోడలి ముందే అంటుంది.

"నా గౌరి ఈనేదానికి ఉంటే యాడికి పోతాండావు?" అని నిలదీసింది. "ఆ పాప నిన్ను సాగనంపి నీ చోట్లో కూర్చుందామని చూస్తాండాది. నీకు తెలీదు."

"ఇంకా దినాలుండాయిలే అక్కా. అంతలోకే వచ్చేస్తా," అని చెప్పి తిరుపాలు హిందూపురం బస్సెక్కాడు. కానీ సిద్దమ్మ మాట దారి పొడుగునా ఆయన్ను తొలుస్తూనే ఉంది.

శిక్షణలో అందరూ కుర్రకారే. ఫోన్లలో పాఠాలు ఫొటోలు తీసుకుంటున్నారు. తిరుపాలు వెనక బెంచీలో సర్దుకుని కూర్చున్నాడు. పాఠం చెప్పే డాక్టరు విశాలాక్షి ఓపికగల మనిషి. నల్లబల్ల మీద రాసేదానికంటే పశువుల దగ్గర నిలబెట్టి చూపించేదే ఎక్కువ. రెండోనాడు ఆసుపత్రి ఆవరణలోకి ఆంజనేయులనే రైతు ఆవును తోలుకొచ్చాడు. సూది ఎవరు వేస్తారని డాక్టరమ్మ అడగగానే తిరుపాలు ముందుకొచ్చాడు. ఆ ఒక్క పనిలో తనను మించినవాడు లేడని కదా ఆయన ధీమా.

ఆంజనేయులు ఆయన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"బ్యాడ మేడమ్, ఈ ముసలాయప్ప బ్యాడ. చేయి వణుకుతాదేమో. ఆ పిల్లోల్లలో ఎవరితోనన్నా సూది ఏపీయండి. ఈయప్ప మందు లాగిస్తే సాలు."

రైతుతో వాదన ఎందుకని డాక్టరమ్మ కూడా, "సరే, మీరు మందు తీసివ్వండి," అంది. తిరుపాలుకు తల కొట్టేసినట్టయింది. మందు లాగాడు. నిండిన సిరంజిని పట్టుకుని, గోరంట్ల నుంచి వచ్చిన ఒక కుర్రాడు చేతులు కడుక్కుని వచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు. అలా నిలబడి ఉన్నప్పుడే పావని ముఖం కళ్ల ముందు కదిలింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఇట్లాగే కదా నిలబడింది! ఒక్కసారైనా ముఖం ముడుచుకోలేదే! ఆ మధ్యాహ్నం ఆయనకు అన్నం సహించలేదు.

మరుసటి రోజు దూడల పాఠం. డాక్టరమ్మ ఒక పాత డ్రమ్ముకు కంత కోసి, దాన్ని పడుకోబెట్టి, లోపల గోనెసంచితో కుట్టిన దూడను పెట్టించింది. కట్టెతో చేసిన కాళ్లు, వాటికి మడతలు. ముందుకాలు ఒకటి వెనక్కి మడిచి పెట్టింది. ఒక్కొక్కరే చేయి లోపలికి పెట్టి, కళ్లతో చూడకుండా ఆ కాలును పట్టి ముందుకు తేవాలి. తిరుపాలు వంతు ఇంకా రాకముందే ఫోను మోగింది. సిద్దమ్మ ఏడుస్తోంది.

"గౌరికి అప్పుడే నొప్పులు లేసినాయప్పా! దూడ తలకాయ కనపడతాండాది, కాలు ఒకటే వచ్చింది. రెండోది రాల్యా. పెనుకొండ డాక్టరు దూరం ఊరికి పోయినాడంట. నువ్వు బస్సెక్కి రా!"

"పావని యాడ?"

"ఈడే ఉండాది. చేతికి సబ్బు రాసుకోని నిలబడింది. నేనే ముట్టనియ్యల్యా. నీ చేయి తగిలితే సాలు నాయనా, నా గౌరి బతుకుతాది."

తిరుపాలు అప్పటికే సంచి భుజానికి వేసుకున్నాడు. ఏ మాట వినడం కోసం ఇన్నేళ్లు బతికాడో ఆ మాటే అది. బస్టాండు దగ్గరే. వెళ్లి గౌరి పక్కన నిలబడితే ఊరంతా దారి ఇస్తుంది. కానీ నిలబడి ఏం చేస్తాడు? వీపు నిమిరి, డాక్టరుకు ఫోను చేస్తాడు. అంతే కదా చేతనయింది. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సిద్దక్కా, ఒక మాట చెప్తా ఇను. నాకు రాదు."

"ఏం రాదు?"

"మడతపడిన కాలు తీసేది నాకు రాదు. ఎప్పుడూ తీయల్యా. తీసిందంతా డాక్టరే. ఆయన రాకపోయినప్పుడు దూడలు సచ్చిపోయినాయి. మీరు నా చేయి మంచిదన్నారు, నేను కాదనల్యా. ఆ పాపకు వచ్చు. సదువుకోనుండాది, తీసుండాది. నీకు దండం పెడ్తా అక్కా, ముట్టనీ. నా కోసం కూర్చుంటే ఆవు కూడా దక్కదు."

అవతల నుంచి గౌరి మూలుగు వినిపించింది. ఆ తర్వాత ఫోను కట్టయింది.

ఊరి ముందు ఇక తలెత్తుకునేదెలా అన్న దిగులు ఒకపక్క, ఆవు ఏమైందో అన్న భయం మరోపక్క. లోపలికొచ్చి కూర్చున్నాడు గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చివరికి డాక్టరమ్మ ఆయన్ను పిలిచింది. చొక్కా విప్పి, భుజం దాకా నూనె పట్టించుకుని డ్రమ్ము పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ముందు దూడను వెనక్కి నెట్టండి. చోటు చేసుకోండి. గిట్టను అరచేతిలో దాచుకుని తేవాల, లేకుంటే గర్భం చిరుగుతుంది," అని చెబుతోందామె. తిరుపాలు నెట్టాడు. కాలు దొరికినట్టే దొరికి జారిపోయింది. మళ్లీ నెట్టాడు. చెమటలు పట్టాయి. ఆయన మనసులో అది గోనెసంచి కాదు, గౌరి.

అప్పుడే బెంచీ మీద ఫోను మోగింది. "ఎత్తప్పా, ఎత్తు!" అని కేకేశాడు. గోరంట్ల కుర్రాడు ఎత్తి స్పీకరు పెట్టాడు. సిద్దమ్మ గొంతు గది నాలుగు మూలలా వినిపించింది.

"పెయ్య దూడప్పా తిరుపాలూ, పెయ్య దూడ! బతికుండాది! గౌరి నాకతాండాది! ఈ పాప ఎంత ఒడుపుగా తీసిందనుకున్నావు! వాళ్లమ్మ కడుపు సల్లగుండ, ఏం చేయప్పా అది! నువ్వు బస్సు ఎక్కినావా ఏమి? ఎక్కాకు. నిదానంగా సదువుకోని రా. ఈడ నీతో పనేమీ లేదు."

గదంతా గొల్లుమంది. తిరుపాలు కూడా నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ల నుంచి నీళ్లు జారాయి. సంతోషమే అది, కొంచెం బాధ కూడా. తుడుచుకుందామంటే చేయి డ్రమ్ములో ఉంది.

"లేవండి తిరుపాలూ, కాసేపు నీళ్లు తాగి కూర్చోండి," అంది డాక్టరమ్మ, మెత్తగా.

"ఉండండి మేడమ్," అన్నాడాయన, భుజం ఇంకొంచెం లోపలికి నెడుతూ. "నా కాలు ఇంకా రాల్యా."