కందకు లేని దురద

రేపల్లెలో మా అత్తగారింట్లో ఒక కుక్క ఉండేది. మామూలు నాటుకుక్క, గోధుమరంగు, పొట్ట కింద తెలుపు. ఇంట్లో అందరూ దాన్ని చిన్నోడు అని పిలిచేవాళ్ళు. అత్తగారికి తెనాలిలో కాపురమున్న కూతురు, కొడుకు మా ఆయన, ఆ తర్వాత ఈ చిన్నోడు. నన్ను మాత్రం కాపురానికి వెళ్ళిన రోజు నుంచీ "అమ్మాయ్" అనేవాళ్ళు. శుభలేఖ తీసి చూస్తే తప్ప నాకూ ఒక పేరుందని వాళ్ళకి గుర్తొచ్చేది కాదేమో.

ఇది అరవైల చివరి మాట. వరి కోతకి ముందే చేలో మినుము చల్లేవాళ్ళు. వచ్చిన మినుముల్ని మావగారు వెంటనే అమ్మేవారు కాదు, మంచి ధర కోసం నడవ పక్క గదిలో బస్తాలుగా నిలవ ఉంచేవారు. వాటికి పురుగు పట్టేది. ఆ ఏడు ఎవరో చెప్పగా ఆయన పురుగుమందు పొడి తెచ్చి బస్తాల మీద ముగ్గు చల్లినట్టు చల్లడం మొదలుపెట్టారు. పురుగు చచ్చింది, అది నేనూ ఒప్పుకుంటాను. ఖాళీ అయిన గోనెలు దులిపి, చిరుగుల్ని దబ్బనంతో పురికొస వేసి కుట్టి, మడతలు పెట్టడం కోడలి పని. కుట్టడానికి కూడా పనికిరాని గోనెని తలుపు వెనక చిన్నోడికి పక్కగా వేసేవాళ్ళు.

ఆ దురద ముందు పట్టుకుంది నన్ను. వేళ్ళ సందుల్లో, మణికట్ల మీద చిన్న చిన్న పొక్కులు లేచేవి. గోకితే పగిలి రసి కారేది. ఆ చేతులతో చింతపండు పిసకాలి, ఉప్పూ కారం కలపాలి. కన్నీళ్ళు వచ్చేవి. గోనెలు కుట్టిన మర్నాడే ఎక్కువవుతోందని నాకు త్వరలోనే అర్థమయింది. అత్తగారితో చెప్పాను.

ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని నిజంగానే కంద తరుగుతున్నారు. "నా కాపురమంతా ఆ గోనెలే కుట్టాను. నాకు రాని దురద నీకెందుకొచ్చిందమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?" అన్నారు. ఆవిడ కుట్టిన రోజుల్లో ఆ పొడి లేదని చెప్పబోయాను. "మందు పురుక్కి గానీ మనుషులకేంటి?" అనేశారు. మావగారు పడక్కుర్చీలోంచి నవ్వి, "అరచెయ్యి దురద పెడితే డబ్బొస్తుందంటారమ్మా, మంచిదే" అన్నారు. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. "నాకెందుకు చెప్తావు, అమ్మతో చెప్పు" అనడం తప్ప ఆయనకి ఇంకో మాట రాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

ఆ వేసవిలో పిన్ని కూతురి పెళ్ళికి బాపట్ల, మా పుట్టింటికి వెళ్ళాను. అమ్మ నా చేతులు చూసి గొల్లుమంది. కొబ్బరినూనె రాయడం తప్ప ఏ వైద్యమూ చెయ్యలేదు. అయినా పెళ్ళిపనులన్నీ అయ్యేసరికి చేతులు నున్నగా అయిపోయాయి. మెహందీలు అప్పుడు మాకు తెలియవు, గోరింటాకు ఎర్రగా పండింది. ఆ పండిన చేతులతోనే తెనాలిలో బండి మారి రేపల్లె వచ్చాను. గోరింటాకు రంగు పోకముందే మళ్ళీ పొక్కులు లేచాయి.

బుద్ధి తక్కువై ఆ సంగతి పైకి అన్నాను. అక్కడ తగ్గిందంటే ఇక్కడ ఏదో ఉన్నట్టే కదా, ఇప్పుడైనా నమ్ముతారనుకున్నాను. అత్తగారు మధ్యాహ్నం అరుగు మీద చేరిన ఆడవాళ్ళ ముందు పెట్టారు ఆ మాటని. "పుట్టింటికెళ్తే తగ్గిపోద్దంట, అత్తారింటికొస్తే వచ్చేస్తదంట. ఇట్టాంటి జబ్బు ఎక్కడైనా విన్నామా వదినా?" అందరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజుతో దానికి పుట్టింటి దురద అని పేరు పెట్టారు. బావి దగ్గర ఎదురైనవాళ్ళు కూడా "ఏమ్మా, పుట్టింటి దురద తగ్గిందా?" అని అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. చేతుల మంట కన్నా ఆ మంటే ఎక్కువ.

ఆ తర్వాత చిన్నోడికి పట్టుకుంది. రోజంతా గోక్కోవడమే. తింటూ మధ్యలో ఆగి గోక్కునేవాడు, పడుకున్నవాడు ఉలిక్కిపడి లేచి పొట్ట కొరుక్కునేవాడు. పొట్ట కింద వెంట్రుకలు రాలి ఎర్రటి తోలు బయటపడింది. ఎదురింటివాళ్ళు అది గజ్జికుక్క అని, ఊరవతల వదిలెయ్యమని అన్నారు. అత్తగారు ఆ మాటకి వాళ్ళతో మాటలు మానేశారు. చిన్నోణ్ణి ఒళ్ళో పెట్టుకుని "ఎంత బాధపడుతున్నావురా నాయనా" అని ఏడ్చారు. అబద్ధం ఎందుకు, నాకూ జాలేసింది. ఆ బాధ ఏంటో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

వైద్యాలు మొదలయ్యాయి. కానుగనూనె రాశారు. గంధకం కలిపి రాశారు. దుగ్గిరాల నుంచి పచ్చి పసుపు కొమ్ములు తెప్పించి వేపాకుతో నూరి పట్టించారు. నూరింది నేనే, ఆ చేతులతోనే. ఇన్ని చేసినా, మళ్ళీ పోయి ఆ గోనె మీదే పడుకునేవాడు. కందకు లేని దురద కుక్కకెందుకని ఎవరూ అనలేదు. గోనె వల్లేమోనని నేను ఒకసారి అన్నాను గానీ, "మొదలెట్టావూ నీ గోనెల గోల!" అన్నారు అత్తగారు.

మా ఊళ్ళో పశువుల డాక్టరు ఎడ్లనీ గేదెల్నీ తప్ప కుక్కని ముట్టుకునేవాడు కాదు. తెనాలిలో కుక్కల్ని బాగా చూసే డాక్టరున్నాడని మా ఆడపడుచు కబురు చేసింది. మావగారు చిన్నోణ్ణి రైల్లో గార్డు పెట్టెలో ఎక్కించి తెనాలి తీసుకెళ్ళారు. అక్కడ కుక్కని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కాబట్టి నన్నూ తీసుకెళ్ళారు.

ఆ డాక్టరు తొందరపడే మనిషి కాదు. చిన్నోణ్ణి వెల్లకిలా పడుకోబెట్టమన్నాడు. చెవులు చూశాడు, వీపు మీద వెంట్రుకలు పాయలు తీసి చూశాడు, కాళ్ళ సందులు చూశాడు.

"గజ్జయితే చెవుల అంచుల మీద ముందు కనపడాలండి. దీనికి చెవులు శుభ్రంగా ఉన్నాయి, వీపు మీద ఒక్క పొక్కు లేదు. పొట్ట కింద, గడ్డం కింద, తొడల లోపల, అంటే పడుకున్నప్పుడు కింద ఆనేచోటే ఉంది. ఏం పెడుతున్నారండి దీనికి? ఎక్కడ పడుకుంటుంది? దేని మీద పడుకుంటుంది?"

ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం తింటున్నావు, ఏం పట్టుకుంటున్నావు, ఎప్పుడు ఎక్కువవుతోంది అని నన్ను ఒక్కరూ అడగలేదు. కుక్క కాళ్ళు పట్టుకున్న నా చేతుల మీద ఆయన చూపు పడింది.

"మీ చేతులకేంటమ్మా?"

నేను నోరు తెరిచేలోగా మావగారు, "అది వేరే లెండి డాక్టరుగారూ, ఆమెకి అలవాటే" అన్నారు. ఆయన పశువుల డాక్టరు, నేను ఇంకొకళ్ళ ఇంటి కోడల్ని. ఆయన మాత్రం ఇంకేం అడుగుతాడు? పూతమందు ఇచ్చి, కొన్నాళ్ళు కుక్కని ఇల్లు మార్చి చూడమన్నాడు.

చిన్నోణ్ణి తెనాలిలోనే మా ఆడపడుచు ఇంట్లో వదిలి వచ్చాం, అక్కడ సిమెంటు గచ్చు మీద పడుకున్నాడు. గోకుడు ఆగింది. కొత్త వెంట్రుకలు వస్తున్నాయని కబురొచ్చింది. మావగారు వెళ్ళి తీసుకొచ్చారు. అత్తగారు దిష్టి తీసి, వాడి పాత గోనె మీదే పడుకోబెట్టారు. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ గోకుడు.

మావగారు పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "గోనె! ఆ గోనె మీద ఉన్న మందు! అక్కడికెళ్తే తగ్గింది, ఇక్కడికొస్తే వచ్చింది. ఇంకేం కావాలి రుజువు?" అన్నారు. అవే మాటలు, అక్షరం పొల్లు పోకుండా. నా నోటి నుంచి వస్తే అరుగు మీద నవ్వులయ్యాయి, కుక్క పొట్ట మీంచి వస్తే రుజువయ్యాయి. ఆ సాయంత్రం అరుగు మీద అందరికీ ఆయనే చెప్పారు ఆ కథ, తానే కనిపెట్టినట్టు. "నోరులేని జీవం. దానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది?" అన్నారు. అందరూ అవునవునన్నారు. నాకు నోరుంది. ఆ ఇంట్లో నా నేరం అదేనని ఆ పూట తెలిసింది.

చిన్నోడి గోనె తగలబెట్టారు. వాడికి మెత్తగా ఉండాలని నా పాత నేతచీర ఒకటి అడిగి తీసుకున్నారు అత్తగారు. బొంత కుట్టింది నేనే. కుడుతూ కుడుతూ, ఇప్పుడైనా ఒప్పుకుంటారని రెండు చేతులూ ఆవిడ ముందు చాపాను. "అత్తయ్యా, నాదీ ఆ మందు దురదేనండి. ఇంక నేను గోనెలు కుట్టలేను" అన్నాను.

ఆవిడ నా చేతుల వంక చూడనైనా లేదు. "కుక్కతో వంతులు పోతావేంటమ్మాయ్?" అన్నారు.

బొంత మీద చిన్నోడికి పూర్తిగా నయమైంది. పొట్ట మీద మళ్ళీ తెల్లటి వెంట్రుకలు వచ్చాయి. వాడి మీద నాకెప్పుడూ కోపం లేదు, నేను కనపడితే తోక ఊపుకుంటూ వచ్చేవాడు. మినుములు అమ్ముడయ్యాక ఖాళీ గోనెల మోపు ఎప్పటిలాగే నా ముందుకొచ్చింది. నడవలో కూర్చుని, దబ్బనంలో పురికొస ఎక్కించి, మొదటి గోనె దులిపాను. తెల్లటి పొడి లేచింది. చిన్నోడు వచ్చి నా పక్కన పడుకోబోయాడు.

వంటింట్లోంచి అత్తగారు పరుగున వచ్చారు. ఆ క్షణం నా కోసమే వస్తున్నారనుకున్నాను.

"ఆ గోనెలు తీసుకుని దొడ్లోకెళ్ళి కుట్టుకో అమ్మాయ్," అన్నారు. "చిన్నోడికి పడదు."