దొరసానికి చూపించిన తాబేలు

1926 ఫిబ్రవరి. నేను నర్సీపట్నంలో క్యాంపు క్లర్కుని. ఏ ఆఫీసో చెప్పను. క్యాంపు క్లర్కంటే, దొర సర్క్యూటుకు బయలుదేరకముందే వెళ్లి డేరాలు, కోళ్లు, మంచినీళ్లు, బళ్లు సిద్ధం చేసేవాడు. ఏ గంటకు దొర ఏం చేస్తాడో టూర్ ప్రోగ్రామనే కాగితంలో ముందే రాసి పెట్టాలి. అది తప్పితే మాకు మూడినట్టే.

ఆ ఏడు దొర ఇంటికి చుట్టపు దంపతులు వచ్చారు. సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయని వాళ్లలో దొరసాని ఎక్కడో విన్నదట, చూడాలంది. నేను పాయకరావుపేట అవతల ఒక జాలరిపల్లెకు వెళ్లి, ప్రోగ్రాంలో "ఉదయం పది గంటలకు తాబేలును చూచుట" అని రాసేశాను. తాబేలు చీకట్లో వచ్చి, తెల్లారేసరికి వెళ్లిపోతుందని పల్లెవాళ్లు చెప్పకపోలేదు. ఫలహారం ముగించకుండా దొర గడప దాటడని నాకు తెలుసు. అందుకని నా తెలివి ఉపయోగించాను.

తెల్లవారుతుండగా ఒక తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, నీళ్ల వైపు తిరిగింది. ఇద్దరు తలయారుల చేత దాన్ని వెల్లకిలా వేయించాను. అలా వేస్తే అది మళ్లీ తిరగలేదు. రెక్కలు గాలిలో కొట్టుకుంటూ ఉండిపోయింది.

పల్లెలో పెద్దది నూకమ్మ పరుగున వచ్చింది.

"ఏటి బాబూ ఈ పని? గుడ్లెట్టుకుందికి వొచ్చిన తల్లి. బేగి తిప్పీండి. మా వల్లో పడ్డా దేవుడని బొట్టెట్టి వొగ్గేస్తాం."

"దొరగారు పదింటికి వస్తారు. చూడగానే వదిలేస్తాం."

"పదింటికా? ఎండెక్కితే సచ్చిపోద్ది, సెప్తన్నాను."

"ఇది వెళ్లిపోతే నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాను, సిగ్గులేకుండా.

ఆమె తడి గోనె తెచ్చి దానిమీద కప్పింది. కోడళ్లను పిలిచి కుండలతో నీళ్లు మోయించింది. పది అయింది, పదకొండయింది. దొర జాడ లేదు. పన్నెండింటికి నేనూ ఒక కుండ పట్టుకున్నాను. నీళ్లు మోయడానికి చేతులొచ్చాయి గాని, దాన్ని తిప్పడానికి రాలేదు. అడ్డుపడిన మనిషెవరూ లేరు. ఆ కాగితమే అడ్డు. అది రాసింది నేను.

ఒంటిగంట దాటాక వచ్చారు. దారిలో చెరువు కనిపిస్తే బాతుల వేటకు ఆగారట! దొరసాని గొడుగు కింద నిలబడి గోనె తీయించింది. రెక్కలు కదలడం లేదు. దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. తర్వాత మా దొరను ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరిగాడు.

"చచ్చినట్టుంది. కదిలేది ఇంకొకటి తెప్పించు."

సంతలో పుచ్చు వంకాయ మార్చి ఇమ్మన్నట్టుంది ఆ మాట. నా ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మాత్రం "చిత్తం" అంది. ఇంకొకటి దొరకలేదు. టీ తాగి వెళ్లిపోయారు.

నూకమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇసుకలోనే గొయ్యి తీయించి దాన్ని పాతించింది. మూడు రోజులు ఆ పల్లెలో ఒక్క తెప్పా చేపల వేటకు నీళ్లలోకి దిగలేదు. పట్టిన చేపతోనే పొయ్యి వెలిగే ఇళ్లవి. "ఇంట్లో మడిసి పోతే ఏటకి ఎల్తామా బాబూ?" అంది నూకమ్మ. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ల దేవుణ్ని చంపి, వాళ్ల కూడు కూడా పడగొట్టి వచ్చాను.

మరుసటి ఏడు వేరే అతిథుల కోసం దొర మళ్లీ అదే పని చెప్పాడు.

"తెల్లవారకముందే మనమే వెళ్లి, దూరంగా కూర్చుని చూడాలండి," అన్నాను.

"రాకపోతే?"

"రాకపోతే లేదండి."

ఆయన ముఖం ఎర్రబడింది. పదకొండేళ్ల సర్వీసులో పైవాడితో "లేదండి" అనడం అదే మొదలు. అంత చిన్న మాట నేర్చుకోవడానికి నాకు ఒక ప్రాణం ఖర్చయింది.