పనసపొట్టు తలుపులమ్మ ఎడంచేతి కత్తి

అనకాపల్లి కూరగాయల బజారులో పనసపొట్టు కొట్టేవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఇద్దరు కొట్టేది పొట్టు కాదు, ముక్కలు. ఈ మాట నాది కాదు, మూడో ఆవిడ తలుపులమ్మది. కానీ నిజమే. తలుపులమ్మ కొట్టిన పొట్టు ఆవ పెట్టి వండితే ఏ రేకకా రేక విడిపోతుంది. కొండ మీంచి లేత కాయలు దిగడం మొదలైన జనవరి చివర్నుంచి మే వరకూ ఆవిడ పొద్దున్న ఆరింటికల్లా గోనె పరుచుకుని మొద్దు ముందు కూర్చుంటుంది. చేతులకి నూనె రాసుకుని, చెక్కు తీసిన కాయని నిలబెట్టి దరువు మొదలుపెడుతుంది. నేను కాయ ఏరుకుని పక్కన నిలబడితే కొడుతూనే కబుర్లు చెబుతుంది. ఈ కథంతా అలా విన్నదే.

ఆవిడది ఎడంచేతి వాటం. దేవరాపల్లి దగ్గర పల్లెలో చిన్నప్పుడు వాళ్లమ్మ అన్నం తినేటప్పుడు ఆ చేతిని పరికిణీ బొందుకి కట్టేసేదట. అన్నం కుడిచేత్తో తినడం వచ్చింది, ముగ్గు కుడిచేత్తో పెట్టడం వచ్చింది. కత్తి దగ్గర మాత్రం చెయ్యి మాట వినలేదు.

పెళ్లయి అనకాపల్లి వచ్చాక అత్తగారి కత్తి, అత్తగారి చోటు రెండూ ఆవిడకే వచ్చాయి. పనసపొట్టు కత్తికి ఒక పక్కే సాన ఉంటుంది. కుడిచేత్తో కొట్టేవాళ్లకి దెబ్బ తిన్నగా దిగుతుంది. ఎడంచేత్తో కొడితే కాయ పట్టుకున్న చేతివైపు లాగుతుంది. ముప్పై ఏళ్లపాటు తలుపులమ్మ మణికట్టు కాస్త మెలిపెట్టి ఆ లాగుడుని సరిచేసుకుంటూ వచ్చింది. సరిచేసుకోలేని రోజుల గుర్తులు కుడి బొటనవేలి మీద ఏడున్నాయి. యాభై దాటాక మణికట్టు వాచింది. డాక్టరు రెండు నెలలు చేతికి పని చెప్పొద్దన్నాడు. ఏ నెలలు అని అడిగితే ఫిబ్రవరి, మార్చి అన్నాడు. ఆవిడ ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

అప్పుడే ఎవరో చెప్పారు, బెల్లం మార్కెట్ వెనక సందులో మౌలా సాహెబ్ అని ఒకాయన చేతి కొలత తీసుకుని కత్తులు చేస్తాడని. చెరుకు కొట్టే కత్తులకి చుట్టుపక్కల ఆయన పెట్టింది పేరు. పాత లారీ కమాను పట్టీలు తెచ్చి కొలిమిలో కాల్చి సాగగొడతాడు. పొద్దుటి పూటే పని. ఒక కత్తి పూర్తయ్యాకే ఇంకోటి. తలుపులమ్మ వెళ్లి ఎడంచేతి కత్తి కావాలంది. ఆయన దారంతో ఆవిడ అరచెయ్యి కొలిచి, వేళ్లు మడిపించి, తెరిపించి, వచ్చే ఏడాది పనస కాయ నాటికి ఇస్తానన్నాడు. ఈ ఏడాది కాయ అప్పుడే దిగుతోంది.

మర్నాడు ఏడింటికి ఆయనే బజారుకి వచ్చి, ఆవిడ పక్కన తిరగేసిన గంప మీద కూర్చున్నాడు. అరగంటసేపు ఆవిడ చేతినే చూశాడు. కొనేవాళ్లు పొట్టు ఎంతకిస్తావని ఆయన్నే అడగసాగారు. చివరికి ఆయన, కత్తి ఎటు లాగుతోందమ్మా అని అడిగాడు. తలుపులమ్మ ఆలోచించింది. చేతికి తెలుసు గానీ నోటికి రాలేదు. ఇటు అంది, కాదు అటు అంది, మళ్లీ కొట్టి చూసి తెలీదంది. ఆయన కత్తి పిడి పట్టుకుని చూశాడు. "ఇది నీ చేతికి అరిగిన పిడి కాదమ్మా. ఇన్నాళ్లూ మీ అత్తగారి చేత్తోనే కొడుతున్నావు" అన్నాడు.

అత్తగారు పోయి పదకొండేళ్లయింది. ఆ మాట తలుపులమ్మని రోజంతా పీకింది.

కానీ ఏడాది ఆగాలి. ఆవిడ మొగుడు బాబూరావు స్టేషన్ దగ్గర ఆటో తోలతాడు. ఆటోనే పదిహేను రోజుల్లో ఇచ్చేరు, కత్తికి ఏడాదేటని అడిగాడు. పక్కన అరిటాకులమ్మే బంగారయ్య ఇంకో లెక్క తీశాడు. సాయిబుకి అరవై తొమ్మిది. నువ్వు ఆగాల్సింది కత్తి కోసమా, ఆయన ఆరోగ్యం కోసమా అన్నాడు. బజారులో అందరూ తలా ఒకటి చెప్పారు. సగంమంది ఆగమన్నారు, సగంమంది వద్దన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ సగాలు అటూ ఇటూ మారిపోయేవి.

బాబూరావు మాటలతో ఆగే మనిషి కాదు. ఫోన్లో వెతికి ఒక కత్తి తెప్పించాడు. రెండో రోజుకే వచ్చింది. నల్ల పెట్టె, లోపల మెత్తటి గుడ్డ, కత్తి మీద అలలు అలలుగా డిజైను. ఏ చేతికైనా సరిపోతుందని పెట్టె మీద రాసుంది. మొదటిరోజు వెన్నలా తెగింది. బాబూరావు ఆటో ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. మూడోరోజు ఒక పెళ్లివారికి నాలుగు కేజీలు కొడుతుండగా టింగుమని చప్పుడైంది. చూస్తే కత్తి అంచున వడ్లగింజంత పెచ్చు లేదు.

ఆ పెచ్చు ఎక్కడుందన్నదే ప్రశ్న. పెళ్లివారు ఎదురుగా నిలబడి ఉన్నారు. తలుపులమ్మ పొట్టుని పిడికెడు పిడికెడు తీసి గుడ్డ మీద పరుస్తుంటే, బాబూరావు పరిగెత్తుకెళ్లి ఆటోలో పాటల స్పీకరు విప్పి, దాని అయస్కాంతం పట్టుకొచ్చాడు. నాలుగు కేజీల పొట్టు మీద దాన్ని దీపంలా తిప్పాడు. జనం మూగారు. చివరికి అయస్కాంతానికి ఒకటి అంటుకుంది. పిన్నీసు. అదెలా వచ్చిందో ఎవరికీ తెలీదు. పెళ్లివారు పక్క మనిషి దగ్గర ముక్కలు కొనుక్కుని వెళ్లిపోయారు. పెచ్చు తర్వాత మొద్దులో గుచ్చుకుని దొరికింది. పొట్టు మాత్రం అప్పటికే మొత్తం పారబోశారు. బాబూరావు ఆటోలో ఆ తర్వాత పాటలు ఒక చెవికే వినిపించేవి.

మళ్లీ అత్తగారి కత్తే దిక్కయింది. మే వచ్చేసరికి మణికట్టు పట్టీ లేకుండా నిలవడం మానేసింది. సాయిబు దగ్గర్నుంచి కబురు లేదు. ఇంక ఆగలేనని తలుపులమ్మ తేల్చుకుంది. ఎలమంచిలిలో రెండు వారాల్లో చేసిచ్చే వాళ్లున్నారట, కుడిచేతిదైనా సరే కొత్తది కొనుక్కుందామనుకుంది. ఆ మాట చెప్పడానికి ఒక ఆదివారం సాయంత్రం మొగుడి ఆటోలోనే సాయిబు ఇంటికి బయల్దేరింది. వద్దని చెప్పడానికి మొహమాటం. దారిపొడుగునా మాటలు అల్లుకుంది. నేను వద్దన్నానని నా మీదే పెట్టెయ్యి అని బాబూరావు ఒప్పుకున్నాడు. ఆయన ఆటోలోనే ఉండిపోయాడు.

తలుపు తీసింది సాయిబు భార్య రెహానా. ఎందుకొచ్చావని అడక్కుండా నవ్వడం మొదలుపెట్టింది. నెలరోజులుగా మా ఇంట్లో ఆనపకాయ తప్ప ఇంకో కూర లేదమ్మా, అది కూడా ఏ ముక్కకా ముక్క వంకరే, అంతా నీ మూలానే అంది. తలుపులమ్మకి అర్థం కాలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే సాయిబు పీట మీద కూర్చుని, ఎడంచేత్తో కత్తి పట్టుకుని ఆనపకాయ కొడుతున్నాడు. కుడి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. గోడవార రెండు పాడైపోయిన కత్తులు ఆన్చి ఉన్నాయి.

"ఇదేటి సాయిబు గారూ?"

"నీ కత్తి ఎటు లాగుతుందో నాకు తెలియాలి కదమ్మా. అడిగితే నువ్వు చెప్పలేకపోయేవు. అందుకని నేనే కొట్టి చూసుకుంటున్నాను."

యాభై ఏళ్లుగా కత్తులు చేస్తున్నా ఎడంచేతిది ఒక్కటీ చెయ్యలేదని ఆయన మెల్లిగా ఒప్పుకున్నాడు. సానరాయి దగ్గర చెయ్యి అలవాటుకొద్దీ కుడివైపుకే పోతోందట. అలా రెండు కత్తులు పాడయ్యాయి. మూడోది మొదలుపెట్టడానికి భయంగా ఉందన్నాడు.

తలుపులమ్మ ఆయన బొటనవేలు చూసింది. గుడ్డ విప్పమంది. గాటు సరిగ్గా తన మొదటి గాటు ఉన్న చోటే ఉంది. తర్వాత ఏం జరిగిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదట. ఎదురుగా చతికిలబడి, కాయ పట్టుకునే వేళ్లు అలా చాపితే మిగలవు, లోపలికి మడవండని కసిరింది. మణికట్టు కాదు, మోచెయ్యి ఆడించమంది. అరగంటైనా పెళ్లాం రాకపోయేసరికి, గొడవైందేమోనని బాబూరావు లోపలికొచ్చాడు. అప్పటికి మూడు ఆనపకాయలు అయిపోయాయి. రెహానా నాలుగోది దాచేసింది.

తిరిగొచ్చేటప్పుడు, వద్దని చెప్పేవా అని బాబూరావు అడిగాడు. పూడిమడక రోడ్డు దాటాక తలుపులమ్మ చెప్పింది.

"కన్నతల్లే ఈ సెయ్యి కట్టేసింది మావా. ఈ సెయ్యి ఎలా పనిసేత్తాదో సూడ్డానికి ఆయన వేలు కోసుకున్నాడు. ఇంకో ఏడాదైనా ఆగుతాను."

బాబూరావు హారన్ కొట్టాడు.

అయితే సాయిబు ఏడాది తీసుకోలేదు. చెప్పినదానికి దాదాపు ఆరు నెలల ముందే, ఆగస్టు మొదటివారంలో కత్తి ఇచ్చేశాడు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. కత్తి ఉంది, పనసకాయ లేదు. బయట వాన. ఆవిడ ఇంట్లో కూర్చుని కంద కొట్టింది, అరటిదూట కొట్టింది, పొరుగింటివాళ్ల గుమ్మడికాయ అడిగి తెచ్చి కొట్టింది. బాబూరావు మూడు నెలలు అన్నీ తురుమే తిన్నాడు. వేళ్లతో తీసుకోవడానికి ముక్కంటూ కనబడక, ఒకరోజు దుంపని దుంపలా వండిపెట్టమని బతిమాలాడు.

జనవరిలో కాయ దిగింది. తలుపులమ్మ కత్తికి పసుపు రాసి మొద్దు ముందు కూర్చుంది. ఆ వారం ఆవిడ జీవితంలో కొట్టనంత చెత్త పొట్టు కొట్టింది. ఒకవైపు సన్నం, ఒకవైపు లావు. మా ఇంట్లో అది కూర కాలేదు, పులుసైంది. పక్కవాళ్లది ముక్కలన్న మనిషి దగ్గరే ముక్కలు కొంటున్నామని జనం నవ్వుకున్నారు. ఆవిడ కోపంగా సాయిబు దగ్గరికెళ్లి కత్తి వంకరగా ఉందంది. ఆయన దాన్ని కంటికి ఎదురుగా పెట్టుకుని, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"కత్తి తిన్నగానే ఉందమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

ఇంటికి సగం దారి వచ్చాక ఆవిడకి తెలిసింది. ముప్పై ఏళ్లుగా లాగే కత్తిని సరిచెయ్యడానికి మణికట్టు మెలిపెడుతోంది. ఇప్పుడు లాగే కత్తి లేదు, మెలి మాత్రం అలాగే ఉంది. దాన్ని వదిలించుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు పొద్దున్న, తెలీకుండానే దెబ్బ తిన్నగా పడింది. చేతికి పట్టీ కట్టుకోలేదని మధ్యాహ్నం బంగారయ్య చెబితేగానీ ఆవిడకి గుర్తురాలేదు.

మొదటి మంచి పొట్టు కేజీన్నర అరిటాకులో కట్టుకుని సాయిబు ఇంటికి తీసుకెళ్లింది. ఆవ ఎప్పుడు కలపాలో, పోపు ఎంత మాడాలో రెహానాకి వివరంగా చెప్పింది. రెహానా అంతా శ్రద్ధగా విని, తలూపి, పొట్టు తీసుకెళ్లి ఖీమాలో వేసి వండేసింది. తలుపులమ్మ చూస్తూ కూర్చుంది, వడ్డిస్తే తింది. రెండోసారి పెట్టించుకుని, ఇందులో ఏటేటి ఏసేరో మొదట్నించి సెప్పండి అంది.