కాటా దేవరాజ్ గారు అడిగిన పెట్టె

దేవరాజ్ గారి గురించి చెప్పాలంటే మా పెట్టెతో మొదలుపెట్టాలి. జగ్గయ్యపేటలో రిటైరైన వాళ్ళం పద్నాలుగు మందిమి కలిసి చందాలు వేసుకుని కొన్న ఫ్రీజర్ పెట్టె అది. ఎండాకాలంలో ఎవరైనా పోతే, దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా శవాన్ని అందులో ఉంచుతారు. పైన గాజు మూత, కింద కంప్రెసర్, పక్కన ఎర్ర అక్షరాల్లో మా సంఘం పేరు. దాని మంచీ చెడ్డా చూసేది ఎలక్ట్రీషియన్ వెంకటరత్నం. కార్యదర్శిని నేను కాబట్టి పెట్టె ఉంచే గది తాళం నా దగ్గరుంటుంది. ఆ చందాల్లో దేవరాజ్ గారిదీ ఉంది.

ఆయనది చర్చి వెనక ఎస్సీ కాలనీ. సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశారు. ఖాళీ లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సరుకుతో బయటికి వెళ్ళేటప్పుడు ఒకసారి తూచడం ఆయన పని. సన్నగా, నల్లగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవారు. ఆయన భార్య సౌభాగ్యమ్మ అంగన్వాడీలో ఆయా. ఒక్కతే కూతురు జాయిస్ పూణేలో నర్సు.

ప్రతి ఆదివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీది గదిలో మా సంఘం కూర్చునేది. ఏదో ఒక విషయం తీసుకుని మాట్లాడుకోవడం, మనసు విశాలం చేసుకోవడం మా ఉద్దేశం. అలా అని కరపత్రం కూడా వేశాం. అందరినీ గారు అనాలి, ఎవరి మాటకీ అడ్డు రాకూడదు. మరో నియమం దేవరాజ్ గారు చెప్పింది. ఒకాయన మాట్లాడాక, పక్కాయన ముందు తాను విన్నదేమిటో చెప్పి, తర్వాతే తన మాట చెప్పాలి. “ఖాళీ బండి తూకం తియ్యకపోతే సరుకెంతో తెలీదండి. మనం వచ్చేటప్పుడే లోపల ఏం వేసుకొచ్చామో ముందు చూసుకోవాలి కదండీ” అన్నారాయన. ఆ మాటని మా అధ్యక్షుడు చంద్రమౌళి గారు, నందిగామలో లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి, తర్వాత ఎన్ని సభల్లో తన మాటగా చెప్పాడో లెక్కలేదు. మేం చప్పట్లు కొట్టాం. మా మర్యాద చూసి మేమే మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే నాకు రోత పుడుతుంది.

కిందటేడు మే నెలలో ఒకరోజు పొద్దున పదిన్నరకి దేవరాజ్ గారు నాకు ఫోన్ చేశారు. సౌభాగ్యమ్మ గారు పోయారు. జాయిస్ మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేనంది. నందిగామలో అద్దెకిచ్చే పెట్టె ఆరోజు చెవిటికల్లు వెళ్ళింది. “మన పెట్టె కావాలండి, సెక్రటరీ గారూ” అన్నారు. పంపిస్తానన్నాను. తాళం చెవి కూడా చేతిలోకి తీసుకున్నాను. అధ్యక్షుడితో ఒక మాట చెబుదామని చంద్రమౌళి గారికి ఫోన్ చేశాను.

ఆయన ముందు అయ్యో అన్నాడు. సౌభాగ్యమ్మ గారి మంచితనం గురించి రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “పెట్టె ఒకసారి అటు వెళ్ళిందంటే మనవాళ్ళెవరూ మళ్ళీ ఇంట్లోకి రానివ్వరండి. నాకలాంటి పట్టింపుల్లేవు, మీకు తెలుసు. నొప్పించకుండా ఏదో ఒకటి చెప్పండి.”

నేను చెప్పాను. కంప్రెసర్ పోయిందనీ, మెకానిక్ విజయవాడ నుంచి రావాలనీ, ఎంతో బాధగా ఉందనీ చెప్పాను. దేవరాజ్ గారు తిరిగి నన్నే ఓదార్చారు. మెషీన్ కదండీ, మీరేం చేస్తారు అన్నారు. ఆ మధ్యాహ్నం నేను మామిడికాయ పప్పు రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

సాయంత్రం పరామర్శకి వెళ్ళాం. చంద్రమౌళి గారూ, నేనూ, ఒక పెద్ద పూలదండ. గదిలో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, ఐసు దిమ్మల మధ్య ఆవిడని పడుకోబెట్టారు. దిమ్మల పైన వరి ఊక. కరిగిన నీళ్ళు గడప దాటి వసారాలోకి కారుతుంటే ఆడవాళ్ళు పాత చీరలతో ఒత్తి బకెట్లో పిండుతున్నారు. దండ మీద వాలిన ఈగలు లేవడం లేదు. గుప్పున చేపల వాసన. దేవరాజ్ గారు మాకు కుర్చీలు వేయించి, “వాసనొస్తుందండి, ఏమనుకోవద్దు” అన్నారు. నేను జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాను. చంద్రమౌళి గారు ఆవిడ సంస్కారం గురించి మాట్లాడాడు. వచ్చేటప్పుడు ఆటో ఆపించి, చేతిపంపు దగ్గర మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు. “దేవరాజ్ గారు ఎంత మర్యాదస్తుడండీ. ఒక్క మాటన్నాడా చూశారా” అన్నాడు. నేను అవునన్నాను.

మూడు ఆదివారాలు ఆయన రాలేదు. నాలుగో ఆదివారం వచ్చి ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నారు. ఆయన తర్వాతి కుర్చీ నాది. ఆ వారం చంద్రమౌళి గారు ఎంచిన విషయం ఓర్పు. నేను డైరీలో నాలుగు మంచి వాక్యాలు రాసుకుని వెళ్ళాను. దేవరాజ్ గారి వంతు వచ్చింది.

“ఓర్పు గురించి నాకు తెలీదండి. ఐసు గురించి చెప్తా. చేపల బండి కాడ తొమ్మిది దిమ్మలు కొన్నాం. ఊక చల్లితే నిదానంగా కరుగుద్దన్నారు. పొద్దుగూకేసరికి మూడే మిగిలాయి. చేపల్లో పెట్టే ఐసు కదండీ, కరిగేకొద్దీ ఆ వాసన మనిషికి పడుద్ది. మా ఆవిడ ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడిచింది. ఎప్పుడూ ఒంటిమీద సబ్బు వాసనే. మర్నాడు మా జాయిస్ వచ్చి ముద్దు పెట్టుకుందామని వంగి, ముక్కు మూసుకుని వెనక్కొచ్చేసింది. కన్నతల్లి దగ్గర ముక్కు మూసుకున్నానని ఆ పిల్ల ఇప్పటికీ ఫోన్లో ఏడుస్తుందండి.”

అదే గొంతుతో ముగించారు. “మొన్న వెంకటరత్నం గారు కనపడ్డారు. కంప్రెసర్ బాగయిందాండీ అనడిగా. అది పోయిందెప్పుడండీ అన్నారు. అంతేనండి.”

నియమం ప్రకారం నేను విన్నది చెప్పాలి. చంద్రమౌళి గారు గొంతు సవరించుకుని, మనం విషయం నుంచి కాస్త పక్కకి వెళ్ళామనీ, దేవరాజ్ గారి దుఃఖం అందరికీ తెలిసిందేననీ, తర్వాతివారికి అవకాశమిద్దామనీ అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. కంప్రెసర్ పోయిందని నేను చెప్పిందీ ఆ మెత్తదనంతోనే.

డైరీ మూసి పక్కన పెట్టాను. “నేను విన్నది ఇదండి. మీ ఇంట్లో ఐసు కరిగింది నేను అబద్ధం చెప్పినందువల్ల. పెట్టె బాగానే ఉంది. మీది కాలనీ కాబట్టి ఇవ్వలేదు. అధ్యక్షుల వారు వద్దన్నారు, నేను మారుమాట్లాడలేదు” అన్నాను.

“ఇవన్నీ పదిమందిలో మాట్లాడుకునేవాండీ?” అన్నాడు చంద్రమౌళి గారు.

“మరి ఎక్కడ మాట్లాడుకోవాలండి?” అన్నారు దేవరాజ్ గారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు.

ఒకరొకరే లేచి చెప్పులు వెతుక్కున్నారు. క్షమించమని ఆయన్ని అడుగుదామనుకున్నాను. ఆయన నా మొహం చూసి, అదిప్పుడొద్దండి అన్నారు. పెట్టె గది తాళానికి రెండో చెవి ఉంటే తనకి ఇమ్మన్నారు. ఇచ్చాను.

తర్వాతి ఆదివారం దేవరాజ్ గారితో కలిపి ఐదుగురం వచ్చాం. ఇప్పటికీ ఐదుగురమే. గారు అనుకుంటూనే గట్టిగా వాదించుకుంటున్నాం. ఒకసారి వెంకటరత్నం కూడా వచ్చి, మీరు మాట్లాడేదానికన్నా మా షాపు ముందు ఆటో స్టాండులో తగాదాలే నయమన్నాడు. మానకుండా వస్తున్నాడు మాత్రం.

శ్రావణంలో కాలనీలో జ్ఞానయ్య అనే పెద్దాయన పోయారు. దేవరాజ్ గారు తన చెవితో గది తీశారు. వెంకటరత్నం, నేనూ ట్రాలీ ఆటోలో పెట్టెతో వెళ్ళాం. ఒక అంచు పట్టుకుని నేనూ దింపాను. జ్ఞానయ్య తమ్ముడు ఏడుస్తూ వచ్చి నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏదో చెప్పి వదిలించుకున్నాను. పక్కకి వచ్చాక చూసుకుంటే, ఆ చెయ్యి నా భుజం మీది తువ్వాలుకి రుద్దుకుంటోంది. నేను రుద్దుకోమనలేదు. డెబ్బై రెండేళ్ళుగా దానికి అదే అలవాటు.

దేవరాజ్ గారు చూశారు. దగ్గరికి వచ్చి, “సబ్బూ నీళ్ళూ అక్కడున్నాయండి. చావింటికొచ్చినోళ్ళు ఎవరైనా కడుక్కుంటారు” అన్నారు.

చావింటికొచ్చానని తుడుచుకున్నట్టు చూపిన ఆ మాటా నా కంప్రెసర్ మాట లాగే అబద్ధమే. కానీ నాది నన్ను కాపాడుకోవడానికి. ఆయనదీ నన్ను కాపాడటానికే.

“అందుక్కాదండి నేను తుడుచుకుంది” అన్నాను.

“తెలుసండి” అన్నారాయన. “టీ ఇస్తున్నారు, రండి.”

నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. ఆ చేత్తోనే గ్లాసు అందుకున్నాను. టీ తాగినంతసేపూ చెయ్యి చిరచిరలాడుతూనే ఉంది.