మిర్చి కాటా మీద నిలబెట్టిన ఇల్లాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, ఈ మైకు ముందు నేను సాక్ష్యం చెప్పబోయేది తాగుడు సంగతి కాదు, జబ్బు సంగతి కాదు, చదువుకున్నోన్ననే పొగరు సంగతి, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతోటి చచ్చిపోయే సంగతి!

ఎనభైలల్ల పర్ణశాల దిక్కు ఒక అడవి ఊళ్లె సైన్సు సారుగ పనిచేసేటోణ్ణి. చంద్రుని మీదికి పోతే బరువు తగ్గుతది గానీ ద్రవ్యరాశి తగ్గదని పిల్లలకు చెప్పి, నా అంత తెలిసినోడు లేడని మురిసిపోయేటోణ్ణి. నా భార్య మార్తమ్మకు తొలి కాన్పు. ఐదో నెల పడ్డకాడి నుంచి ఆదివారం ఆరాధన కాంగనే ఆమెను ఇంటి ఓనరు వరండాల మిర్చి బస్తాలు తూచే కాటా ఎక్కించేటోణ్ణి, అవ్, మిర్చి కాటానే, పక్కింటోళ్లు చూస్తుంటే పాపం తల వంచుకొని నిలబడేది.

ఏడో నెలకు ఆరు కిలోలు పెరిగింది. బిడ్డ కిలోన్నర కూడ ఉండదు గదా, మిగతాదేంది, ద్రవ్యరాశి ఆకాశంలకెళ్లి ఊడిపడదు గదా, అంటే నాకు తెల్వకుండ తింటున్నదని లెక్క తేల్చిన! బిడ్డ బలిస్తే కాన్పు కష్టమని మా అమ్మ కూడ అన్నది. ఇంకేంది, పొద్దున గంజి, ఒక్కపూట అన్నం చాలన్న. "ఆకలైతుందండీ" అన్నది ఒకనాడు. నేను నవ్విన, సహోదరులారా, నవ్విన!

నెల ముందే నొప్పులొచ్చినయి, జీపుల వేసుకొని దవాఖానాకు ఉరికినం. బిడ్డ పుట్టింది గానీ ఏడుపు లేదు, డాక్టరమ్మ పక్కగదిలకు ఎత్తుకపోయింది. బిడ్డ తర్వాత పడ్డ మాయను పళ్లెంల పెట్టి నర్సమ్మ నన్ను పిలిచింది. "సారూ, గిది చూడుండ్రి. కడుపుల బిడ్డతోటి ఇది కూడ పెరగాలె. తల్లి తిన్నది బిడ్డకు అందేది దీన్లకెళ్లే. ఉమ్మనీరు, కొత్త రక్తం, అన్నీ బరువే గదా. ఇదేంది ఇంత చిన్నగున్నది, ఆమెకు తిండి పెట్టలేదా?" అన్నది. నేను వేసిన లెక్కల ఇవేవీ లేవు!

ఆ పక్కగది గోడ దగ్గరనే మోకాళ్లూనిన. "ప్రభువా, మార్తమ్మ ఆకలి మాట నేను వినలేదు, నా మొర నువ్వు వినకపోయినా న్యాయమే, అయినా విను తండ్రీ, నా పాపం ఈ పసిదాని మీద మోపకు" అని ఏడ్చిన. చానాసేపటికి లోపల సన్నగ ఏడుపు వినపడ్డది. దేవునికే మహిమ! ఆ పాపకు ఇప్పుడు పదేండ్లు.

కానీ మార్తమ్మ ఇప్పటికీ రెండోసారి అన్నం పెట్టుకునే ముందు నా మొహం దిక్కు చూస్తది. మార్తమ్మా, ఆడోళ్ల వరుసల కూసున్నవ్, ఇన్నేండ్లల్ల అడగలేకపోయిన, ఇయ్యాల ఇంతమంది ముందు అడుగుతున్న, నన్ను క్షమించు.

సహోదరులారా, మన తెలివిని కాదు, ఆయన్ను నమ్ముకోండ్రి. ఇంటికి పోయినంక ముందుగాల మీ ఆడమనిషికి వడ్డించుండ్రి. ఆమె చాలనేదాక ఆపకుండ్రి. ఆమేన్.