వదిన గీసిన దారులు

ఇందుమూలంగా అమెరికాలోని అరోరా ఊరి తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా, మా ఇంట్లో నేటి నుంచి చక్కెర డబ్బాలో ఉప్పు పోయబడదు. అతిథులు నిర్భయంగా కాఫీ తాగవచ్చు. ఆ ఉప్పు కాఫీని మొహం మార్చకుండా తాగేసి, "ఇంకొంచెం పొయ్యి మరిదీ" అనే మా వదిన పోయిన మంగళవారం చనిపోయింది. ఇక ఎవరి కోసం పోయాలి?

నేను ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి. మా అన్నయ్య భార్య మాత్రం ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేది. శరణార్థులు ఏ దారిన, ఎలా నడిచి వచ్చారన్నది ఆమె పరిశోధన. నేను పనిచేసే గ్రోసరీ షాపు వ్యాన్‌లో ఆమెను తిప్పేవాణ్ణి.

"నీకు డాక్టరేటు, నాకు డ్రైవర్ ఉద్యోగమా వదినా?"

"నీకు లైసెన్స్ ఉంది, నాకు లేదు. ఎవరు గొప్ప?"

"ఎందుకొచ్చారని వీసా ఆఫీసర్ అడుగుతాడు. ఎలా వచ్చారో మనం అడుగుదాం" అనేది. ఇంకో చిత్రమైన ప్రశ్న కూడా వేసేది: దారిలో మొదట ఏం దించేశారు? తర్వాతేం? ఊళ్ల పేర్లు మరిచినవాళ్లకు కూడా కుట్టుమిషన్ ఏ వాగు ఒడ్డున వదిలారో గుర్తుండేది. ఆ వస్తువులను వరసగా, నేను షాపు నుంచి తెచ్చిచ్చిన బ్రౌన్ పేపర్ మీద నల్ల ఇంకుతో గీసేది. మనిషికో కాగితం.

సొంత దేశం వెళ్లగొడితే నేపాల్ శరణార్థి క్యాంపుల్లో ఏళ్లు గడిపి, అక్కడి నుంచి అరోరా చేరిన భూటాన్‌వాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు. అందరికంటే ముందు బయల్దేరింది ఆయనే. ఆయన చెప్పకపోతే ఆ దారికి మొదలే లేదు. మూడుసార్లు వెళ్లాం. టీ ఇచ్చాడు గానీ నోరు విప్పలేదు. నాలుగోసారి నేనే ఆగలేక వచ్చీరాని హిందీలో అందుకున్నాను.

"రెండో ప్రపంచ యుద్ధంలో మా తాత బర్మాలోని రంగూన్ నుంచి నడిచొచ్చాడు దాదాజీ. మా నానమ్మ రుబ్బురోలును కొండదాకా మోసి, అక్కడ దించి ఏడ్చాడు."

ముసలాయన పడీపడీ నవ్వాడు. "రోలా! మీ తాతకి పిచ్చా?" ఆ నవ్వు ఆగాక, "నేను ఆవుని వదిలేశాను. తాడు మాత్రం తెచ్చుకున్నాను" అని మంచం కింది నుంచి తీసి చూపించాడు. రెండు గంటలు చెప్పాడు. వదిన చెయ్యి ఆగలేదు.

వ్యాన్‌లో మాత్రం ఒక్క మాట అడిగింది. "రోలు బాగా బరువా మరిదీ?"

ఆ దారి ఆమె పుస్తకంలోకి ఎక్కింది. ముసలాయన లైబ్రరీకి వచ్చి, తన తాడు బొమ్మ మీద వేలు పెట్టి "ఇది నాదే" అన్నాడు. షాపుకొచ్చిన ప్రతివాడికీ నేను ఆ పేజీ చూపించాను. "రాసింది మా వదిన" అని చెప్పుకోవడమే నా చదువు.

నిన్న ఆమె గదిలో కాగితాల చుట్టలు విప్పాను. మా తాతదీ ఉంది. రంగూన్, కొండ, రోలు, పలాస.

ఇప్పుడు చెప్పేస్తున్నాను. మా తాత రంగూన్ మొహం చూడలేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టుకుంటూ బతికాడు. వదిన నమ్మేసిందని ఇన్నేళ్లూ లోపల నవ్వుకున్నాను.

మిగతా కాగితాలన్నీ నల్ల ఇంకు. మా తాత దారి ఒక్కటే పెన్సిల్‌తో, తుడిస్తే పోయేలా, పలచగా గీసి ఉంది.